రైడ్ పడిపోయినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి జవాబుకు తీసుకున్న ఉత్తరాలన్నీ లినక్స్ సాఫ్ట్‌వేర్ రైడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) గురించినవే. ఎండలు ముదిరి, కరెంటు పోతూ వస్తూ ఉండే రోజుల్లో ఈ బాధ ఎక్కువ. కమాండ్ల పేర్లు, ఆప్షన్ల పేర్లు పలికినట్టే రాశాం. టైపు చేసేటప్పుడు వాటి ఇంగ్లిష్ స్పెల్లింగ్ వాడుకోండి. రైడ్‌ను నడిపే కమాండ్ ఎండీఆడ్మ్. దాని ఆప్షన్ల ముందు రెండు చిన్న గీతలు రావాలి. ఏ కమాండ్ డిస్కు నుంచి చదువుతుంది, ఏది డిస్కు మీద రాస్తుంది అన్నది ప్రతిచోటా విడిగా చెప్పాం. రైడ్ పడిపోయిన రోజున అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది అదే.

ప్రశ్న: కడప ఏడురోడ్ల దగ్గర పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో మాది. 4 టీబీ డిస్కులు నాలుగు కలిపి రైడ్ 5 పెట్టుకున్నాం. మొన్న కరెంటు పోయి వచ్చినప్పుడు ఎస్ఎంపీఎస్ (మిషన్‌కు కరెంటిచ్చే పెట్టె) కాలిపోయింది. కొత్తది వేయించాక మిషన్ ఆన్ అయింది గానీ రైడ్ రావడం లేదు. రైడ్ స్థితి చూపే ఫైలు, ప్రాక్ డైరెక్టరీ కింద ఎండీస్టాట్, చూస్తే ఇనాక్టివ్ అని ఉంది, నాలుగు డిస్కుల పక్కనా బ్రాకెట్లో ఎస్ అని ఉంది. క్రియేట్ కమాండ్ మళ్లీ ఇస్తే వచ్చేస్తుందని తెలిసినాయన ఒకరు అంటున్నారు. ఇవ్వమంటారా సార్? ఏడాదిన్నర పని అందులోనే ఉంది.

జవాబు: ఇవ్వకండి. మీ వీడియోలు ఇప్పటికీ డిస్కుల మీదే ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాటిని నిజంగా పోగొట్టగలిగేది ఆ కమాండే. క్రియేట్ అంటే పాత రైడ్‌ను లేపడం కాదు, కొత్తది కట్టడం. నాలుగు డిస్కుల మీదా కొత్త సూపర్‌బ్లాక్ (రైడ్ వివరాలు ఉండే చిన్న భాగం) రాసేస్తుంది. డిస్కుల వరుస, చంక్ సైజు (ఒక్కో డిస్కు మీద ఒక్కో విడత రాసే ముక్క), డేటా ఆఫ్‌సెట్ (డేటా మొదలయ్యే చోటు), వీటిలో ఏ ఒక్కటి పాతదానితో కలవకపోయినా లోపలిదంతా కలగాపులగం అవుతుంది. పాత ఎండీఆడ్మ్ వెర్షన్లు చంక్ 64 కేబీ పెట్టేవి, ఇప్పటివి 512 కేబీ పెడతాయి. డేటా మొదలయ్యే చోటు ఒకప్పుడు 1 ఎంబీ దగ్గర ఉండేది, ఇప్పుడు పెద్ద డిస్కుల్లో మామూలుగా 128 ఎంబీ దగ్గర ఉంటుంది. ఇంకో ప్రమాదం ఉంది. రైడ్ 5ను మామూలుగా క్రియేట్ చేస్తే ఎండీఆడ్మ్ చివరి డిస్కును స్పేర్‌గా (అదనపు డిస్కుగా) పెట్టుకుని, మిగతా మూడింటి నుంచి లెక్కగట్టి దాని మీద రాయడం వెంటనే మొదలుపెడుతుంది. వరుస తప్పయితే ఆ నాలుగో డిస్కు మొదటి సెకను నుంచే చెరిగిపోతూ ఉంటుంది.

బ్రాకెట్లో ఎస్ చూసి డిస్కులన్నీ స్పేర్లు అయిపోయాయని భయపడకండి. రైడ్ ఇనాక్టివ్‌గా ఉన్నప్పుడు ఏ డిస్కు ఏ స్థానంలో ఉండాలో కెర్నెల్ (లినక్స్ మూల భాగం) ఇంకా తేల్చలేదు కాబట్టి అలా చూపిస్తుంది, అంతే. ఎస్ఎంపీఎస్ చచ్చిపోయేటప్పుడు 12 వోల్టుల లైను ఒక్కసారిగా పడిపోదు. నాలుగు డిస్కుల్లో రెండు మిగతా రెండింటికంటే క్షణం ముందు ఆగిపోయి ఉండొచ్చు. రైడ్ 5 ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది గానీ రెండు పోతే నిలబడలేదు. మళ్లీ ఆన్ చేసినప్పుడు నాలుగింటి లెక్క సరిపోక, తొందరపడి మొదలుపెట్టకుండా ఆగింది. అలా ఆగడం మీకు మేలే.

ముందు కరెంటు సంగతి చూసుకోండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగింటికి దాదాపు 100 వాట్లు ఆ కొన్ని సెకన్లలోనే కావాలి. ఒకే మోలెక్స్ పిన్ను నుంచి స్ప్లిటర్లు వేసి నాలుగింటికీ పంచితే మళ్లీ అదే కథ. అందులోనూ ప్లాస్టిక్ కరిగించి పోసిన మోలెక్స్-సాటా కన్వర్టర్లు లోపల షార్టయి కాలిపోతాయి, అవి తీసి పక్కన పారేయండి. ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే రెండు వేరు వేరు సాటా పవర్ వైర్లకు రెండేసి డిస్కులు తగిలించండి.

తర్వాత ప్రతి డిస్కుకూ, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ నడిపి 5, 197, 198, 199 నంబర్ల వరుసలు చూడండి. 5 అంటే మార్చేసిన సెక్టార్లు, 197 అంటే చదవలేక పెండింగులో ఉన్నవి, 198 అంటే ఇక దిద్దలేనివి. 199 పెరుగుతూ ఉంటే డిస్కు తప్పు కాకపోవచ్చు, చాలాసార్లు అది సాటా కేబుల్ తప్పు. 197లో పెద్ద సంఖ్య కనిపిస్తే ఇక్కడే ఆగి, కింద కర్నూలు ఉత్తరానికి ఇచ్చిన జవాబు చదవండి. అన్నీ బాగుంటే ముందుకెళ్లండి.

ఇప్పుడు ఎండీఆడ్మ్‌ను ఎగ్జామిన్ ఆప్షన్‌తో ఒక్కో పార్టిషన్ మీద నడపండి. ఇది చదువుతుందే గానీ ఏమీ రాయదు. వచ్చిన నాలుగు జవాబులనూ పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లుగా దాచండి, ఒక కాగితం మీద కూడా రాసుకోండి. చూడాల్సినవి: అర్రే యూయూఐడీ (రైడ్ గుర్తింపు సంఖ్య, నాలుగింట్లో ఒకటే ఉండాలి), డివైస్ రోల్ (రైడ్‌లో డిస్కు స్థానం), ఈవెంట్స్ (రైడ్‌లో మార్పుల లెక్క), అప్‌డేట్ టైమ్, చంక్ సైజు, డేటా ఆఫ్‌సెట్. తేల్చేది ఈవెంట్స్ సంఖ్య. ఉదాహరణకు రెండింట్లో 48211, మిగతా రెండింట్లో 48206 ఉందనుకోండి, అప్‌డేట్ టైమ్ కూడా నిమిషం తేడాలో ఉందనుకోండి. అవి నాలుగూ ఒకేసారి పోయినట్టే. అలా కాక ఒకదాంట్లో 31000 ఉండి, మూడు నెలల కిందటి తేదీ ఉంటే, ఆ డిస్కు అప్పుడే బయటికి పోయింది, మీరు చూసుకోలేదు. దాన్ని ఈ పనిలోకి అసలు తేవద్దు. అందులోని పాత సమాచారం కొత్తదానితో కలిస్తే ఫైళ్లు మధ్యమధ్యలో పాడవుతాయి. మిగతా మూడింటితోనే లేపాలి.

లేపే పద్ధతి ఇది. ముందు స్టాప్ ఇచ్చి ఇనాక్టివ్‌గా ఉన్న రైడ్‌ను ఆపండి. ఆపకపోతే డిస్కులు దాని చేతిలోనే ఉండి, ఏ కమాండ్ ఇచ్చినా బిజీ అంటుంది. తర్వాత అసెంబుల్, ఫోర్స్, రీడ్‌ఓన్లీ, వెర్బోస్ నాలుగూ కలిపి, రైడ్ పేరు ఇచ్చి, పార్టిషన్ల పేర్లు వరసగా ఇవ్వండి. అసెంబుల్‌కు డిస్కుల వరుసతో పని లేదు, రోల్ నంబర్లు సూపర్‌బ్లాక్‌లో చదువుకుంటుంది. ఫోర్స్ రాసే కమాండే, కానీ అది ముట్టుకునేది సూపర్‌బ్లాకును మాత్రమే. వెనకబడ్డ డిస్కుల్లో కొత్తగా ఉన్నదాని ఈవెంట్స్ సంఖ్యను పైకి లాగి, రైడ్ మొదలవడానికి సరిపడా డిస్కులను ఒప్పుకుంటుంది. రీడ్‌ఓన్లీ పెట్టినందువల్ల రీసింక్ (డిస్కులను మళ్లీ ఒకదానితో ఒకటి సరిచేయడం), రీబిల్డ్ (పోయిన డిస్కును తిరిగి నింపడం) మొదలుకావు.

రైడ్ లేచాక వెంటనే మౌంట్ చేయకండి. ఫైల్‌సిస్టమ్‌ను పరీక్షించి దిద్దే ఎఫ్ఎస్‌సీకేను మామూలుగా ఇవ్వకండి. ఎఫ్ఎస్‌సీకేకు ఎన్ ఆప్షన్ పెడితే తప్పులు చూపించి వదిలేస్తుంది, దిద్దదు. మీ ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ట్4 అయితే జర్నల్ (రాయబోయే మార్పుల చిట్టా) ఇంకా నడవలేదు కాబట్టి కొన్ని తప్పులు రావడం మామూలే. వేలకు వేలు స్క్రీను నిండా పారుతుంటే మాత్రం ఏదో డిస్కు తప్పుగా చేరిందని అర్థం, ఆపేయండి. తర్వాత ఆర్ఓ, నోలోడ్ ఆప్షన్లతో మౌంట్ చేయండి (ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే నోలోడ్ బదులు నోరికవరీ).

ఇక్కడ చాలామంది ఒక చిన్న ఫొటో తెరిచి చూసి, వచ్చేసిందని సంతోషపడతారు. 512 కేబీ లోపు ఫైలు ఒకే డిస్కు మీద ఒకే చంకులో ఇమిడిపోవచ్చు, కాబట్టి వరుస తప్పున్నా అది తెరుచుకోవచ్చు. మీ దగ్గర పెద్ద పెళ్లి వీడియోలు ఉన్నాయి కదా, వాటిలో ఒక 10 జీబీ ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఆడించండి. ఎక్కడా చెదరకుండా ఆడితే డిస్కులన్నీ సరిగానే ఉన్నట్టు.

ఇక రీబిల్డ్ తొందర వద్దు. ముందు ముఖ్యమైన వీడియోలు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కులనూ మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా చదవడం. కరెంటు దెబ్బ తిన్న డిస్కు చచ్చేది సరిగ్గా అప్పుడే. కాపీ పూర్తయ్యాకే రైడ్‌ను మామూలుగా లేపి, నాలుగోది బయటే ఉండిపోయి ఉంటే యాడ్‌తో కలపండి. సెకనుకు 150 ఎంబీ చొప్పున 4 టీబీకి ఏడున్నర గంటలు పడుతుంది. మధ్యలో ఎడిటింగు చేస్తే ఇంకా పొడుగవుతుంది, ఆ రోజుకు స్టూడియో పని మానుకోండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాలుగు డిస్కుల రైడ్ 5లో రెండు బయటికి పోయాయి. తెలియక రెండింటికీ యాడ్ కొట్టాను. ఇప్పుడు ఎగ్జామిన్‌లో రెండింటికీ డివైస్ రోల్ స్పేర్ అని వస్తోంది. ఫోర్స్ పెట్టినా లేవడం లేదు. ఇంక పోయినట్టేనా?

జవాబు: పోలేదు, కానీ దారి పొడుగైంది. పడిపోయిన రైడ్‌కు యాడ్ కొడితే ఆ డిస్కు సూపర్‌బ్లాక్‌లో ఉన్న పాత రోల్ నంబరు చెరిగిపోయి, స్పేర్ అని కొత్తగా రాసుకుంటుంది. లోపలి డేటా ముట్టుకోలేదు. అంటే ఆ డిస్కు ఎన్నో స్థానంలో ఉండేదో అది తనంతట తాను చెప్పలేదు, మీరే కనిపెట్టాలి.

మిగిలిన రెండింటి రోల్స్ చూడండి. అవి 0, 3 అయితే పోయినవి 1, 2. లాగ్ ఫైళ్లు తిరగేస్తే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. వార్ లాగ్ కింద కెర్న్ డాట్ లాగ్ గానీ, జర్నల్‌సీటీఎల్‌కు కే ఆప్షన్, పాత బూట్‌ల కోసం దానితో పాటు బీ ఆప్షన్ పక్కన మైనస్ 1, మైనస్ 2 అని పెట్టి గానీ వెతకండి. రైడ్ బాగున్న రోజుల్లో మిషన్ ఆన్ అయిన ప్రతిసారీ ఫలానా పార్టిషన్ ఫలానా రైడ్ డిస్కు నంబరుగా ఆపరేషనల్ అని ఒక్కో వరుస రాసి ఉంటుంది. డిస్కులకు లినక్స్ పెట్టే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అక్షరాలు మిషన్ ఆన్ చేసినప్పుడల్లా మారవచ్చు, దాన్ని నమ్మి మోసపోకండి. అదే లాగ్‌లో డిస్క్ ఫెయిల్యూర్ అన్న వరుసలు కూడా వెతకండి. రెండింటిలో ఏది ముందు పోయిందో, ఏది ఆఖర్న పోయిందో వాటి సమయాలు చెబుతాయి. మనకు కావలసింది ఆఖర్న పోయినది. ముందు పోయిన దాంట్లో సమాచారం పాతబడింది, దాన్ని పక్కన పెట్టండి.

ఇప్పుడు క్రియేట్ తప్పదు. కానీ అసలు డిస్కుల మీద కాదు, ఓవర్‌లే మీద. ఓవర్‌లే అంటే డిస్కు ముందు ఒక తెర కట్టడం లాంటిది: చదవడం అసలు డిస్కు నుంచి జరుగుతుంది, రాసిందంతా వేరే ఫైలులోకి పోతుంది. ఎన్ని తప్పులు చేసినా ఆ ఫైలు తీసేస్తే డిస్కు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. కట్టే విధానం: వేరే డిస్కు మీద ట్రంకేట్ కమాండ్‌తో ఒక్కో పార్టిషన్‌కు 5 జీబీ ఖాళీ ఫైలు చేయండి (స్పార్స్ ఫైలు కాబట్టి నిజంగా అంత చోటు పట్టదు). లోసెటప్‌తో దాన్ని లూప్ డివైస్ (డిస్కులా కనిపించే ఫైలు) చేయండి. బ్లాక్‌డెవ్‌కు గెట్‌ఎస్‌జెడ్ ఆప్షన్ పెట్టి అసలు పార్టిషన్ సెక్టార్ల సంఖ్య తెలుసుకోండి. ఆ తర్వాత డీఎంసెటప్ క్రియేట్‌కు ఒకే వరుసలో ఇవి ఇవ్వండి: సున్నా, సెక్టార్ల సంఖ్య, స్నాప్‌షాట్ అన్న మాట, అసలు పార్టిషన్, లూప్ డివైస్, పెద్ద అక్షరం పీ, 8. మ్యాపర్ కింద కొత్త పేరుతో డివైస్ వస్తుంది. ఇకపై మీ చేయి తగలాల్సింది దానికి మాత్రమే.

క్రియేట్ ఇచ్చేటప్పుడు అస్యూమ్-క్లీన్ తప్పనిసరి. లెవెల్, డిస్కుల సంఖ్య, మెటాడేటా వెర్షన్, చంక్, లేఅవుట్, డేటా ఆఫ్‌సెట్ అన్నీ మిగిలిన రెండు డిస్కుల పాత ఎగ్జామిన్ కాగితం నుంచి చూసి ఇవ్వాలి, ఏదీ ఎండీఆడ్మ్ ఇష్టానికి వదలొద్దు. ఒక చిక్కు చాలామందిని ముంచుతుంది. ఎగ్జామిన్ డేటా ఆఫ్‌సెట్‌ను సెక్టార్లలో చూపిస్తుంది, ఆప్షన్‌కు ఇచ్చేటప్పుడు అంకె ఒక్కటే ఇస్తే కిలోబైట్లు అనుకుంటుంది. 262144 సెక్టార్లంటే 131072 కేబీ, అంటే 128 ఎంబీ. కాబట్టి 128 పక్కన ఎం అక్షరం పెట్టి ఇవ్వండి. నాలుగు స్థానాల్లో ముందు పోయిన డిస్కు బదులు మిస్సింగ్ అని రాయండి. అప్పుడు రీబిల్డ్ చేయడానికి దానికి డిస్కే ఉండదు.

మీకు రెండు కూర్పులే సాధ్యం: ఆఖర్న పోయిన డిస్కు 1లో ఉండి 2 మిస్సింగ్, లేదా 2లో ఉండి 1 మిస్సింగ్. ఒక్కోదానికి ఎఫ్ఎస్‌సీకే ఎన్, రీడ్‌ఓన్లీ మౌంట్, పెద్ద ఫైలు పరీక్ష. రెండో కూర్పుకు వెళ్లేముందు రైడ్ ఆపి, డీఎంసెటప్ రిమూవ్ చేసి, ఓవర్‌లే ఫైళ్లు కొత్తగా చేసుకోండి. సరైనది దొరికాక, దాన్ని అసలు డిస్కుల మీద మళ్లీ చేయాలన్న ఆశ వద్దని మా సలహా. ఓవర్‌లే మీద లేచిన రైడ్ నుంచే ఫైళ్లన్నీ కొత్త డిస్కుకు కాపీ చేసుకోండి. ఆ తర్వాత పాత డిస్కులను తీరికగా శుభ్రం చేసి కొత్త రైడ్ కట్టుకోవచ్చు.

ప్రశ్న: అనంతపురంలో డిజిటల్ ప్రింటింగ్ ప్రెస్ మాది. సర్వర్ మదర్‌బోర్డు పోయింది. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి వేరే కంపెనీ బోర్డు తెచ్చి వేశాం. డిస్కులు కనిపిస్తున్నాయి గానీ వాటిలో మూడింటి మీద సూపర్‌బ్లాకే లేదంటోంది ఎండీఆడ్మ్. బోర్డు మారితే రైడ్ పోతుందా?

జవాబు: మామూలుగా పోదు. సాఫ్ట్‌వేర్ రైడ్ పెట్టుకోవడంలో ఉన్న పెద్ద లాభమే అది. డిస్కులు తీసుకెళ్లి ఏ లినక్స్ మిషన్‌కు తగిలించినా, ఏ పోర్టు ఏ డిస్కుకు పెట్టినా లేస్తుంది. కొత్త మిషన్‌లో ఎండీ0 బదులు ఎండీ127 అన్న పేరుతో రావచ్చు, కంగారు పడొద్దు. అయితే బోర్డు బయోస్‌లోనే పెట్టుకున్న రైడ్ అయితే ఈ మాట వర్తించదు. అది వేరే సంగతి.

మీ విషయంలో జరిగింది బహుశా ఇది. పార్టిషన్ చేయకుండా డిస్కు డిస్కునే (ఎస్‌డీబీ1 కాక ఎస్‌డీబీనే) రైడ్‌కు ఇచ్చి ఉంటారు. అంతకుముందు ఎప్పుడో ఆ డిస్కుల మీద జీపీటీ పార్టిషన్ టేబుల్ ఉండి ఉంటుంది. జీపీటీకి డిస్కు చివర ఒక నకలు ఉంటుంది, అది అలాగే మిగిలిపోయింది. కొన్ని బోర్డుల యూఈఎఫ్ఐ (బయోస్ లాంటి బోర్డు సాఫ్ట్‌వేర్) మిషన్ ఆన్ కాగానే ఆ నకలు చూసి, మొదట్లో టేబుల్ చెడిపోయిందనుకుని దాన్ని తిరిగి రాసేస్తుంది. జీపీటీ మొదటి 34 సెక్టార్లు, అంటే 17 కేబీ ఆక్రమిస్తుంది. 1.2 వెర్షన్ సూపర్‌బ్లాక్ ఉండేది సరిగ్గా 4 కేబీ దగ్గర. అది అలా తుడిచిపెట్టుకుపోయింది. డేటా మాత్రం మామూలుగా 1 ఎంబీ తర్వాతే మొదలవుతుంది కాబట్టి దానికి దెబ్బ తగల్లేదు.

వైప్‌ఎఫ్ఎస్ కమాండ్‌ను ఏ ఆప్షనూ లేకుండా డిస్కు పేరు ఒక్కటే ఇచ్చి నడపండి. పేరు భయపెట్టినా, ఆప్షన్ లేకపోతే అది ఏమేం గుర్తులు ఉన్నాయో చూపిస్తుంది, అంతే. జీపీటీ అని వస్తే మా అనుమానం నిజం. డిస్కులను ఆ బోర్డు నుంచి తీసేయండి, ఆన్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ రాస్తుంది. వేరే మిషన్ మీద పైన ప్రొద్దుటూరు పాఠకునికి చెప్పినట్టు ఓవర్‌లే కట్టి, క్రియేట్, అస్యూమ్-క్లీన్‌తో ప్రయత్నించండి. సూపర్‌బ్లాక్ బతికి ఉన్న ఆ ఒక్క డిస్కు చంక్, ఆఫ్‌సెట్, దాని సొంత స్థానం చెబుతుంది. నాలుగు డిస్కులైతే మిగతా మూడింటికి ఆరు కూర్పులు, ఓపికగా చేస్తే ఒక మధ్యాహ్నం పని. కొత్త రైడ్ కట్టేటప్పుడు పార్టిషన్ చేసే ఇవ్వండి, చివర ఒక 100 ఎంబీ వదిలేయండి. రేపు ఇంకో కంపెనీ 4 టీబీ డిస్కు కొన్ని సెక్టార్లు చిన్నదిగా వచ్చినా పనికొస్తుంది.

ప్రశ్న: కర్నూలులో ఆడిటరు ఆఫీసు. 2 టీబీ డిస్కులు రెండు, రైడ్ 1. పొద్దున ఒకటి బయటికి పోయింది. మధ్యాహ్నానికి రెండోది కూడా రీడ్ ఎర్రర్లు ఇస్తోంది, 197 వరుసలో 312 అని ఉంది. కొత్త డిస్కు తెచ్చి యాడ్ చేస్తే సగంలో ఆగిపోతోంది. మిషన్ ఆపేశాం.

జవాబు: ఆపేసి మంచిపని చేశారు. చదవలేని సెక్టార్లున్న డిస్కు నుంచి రీబిల్డ్ చేయించడం దాన్ని కొట్టి పని చేయించడమే, ప్రతిసారీ ఇంకొంచెం దెబ్బతింటుంది. ఇప్పుడు కావలసింది చెడ్డ డిస్కు నుంచి కాపీ తీసే డీడీరెస్క్యూ. ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీ పేరు ముందు జీ అక్షరంతో జీడీడీరెస్క్యూ. ఇంచుమించు ఇదే పేరుతో ఉన్న ఇంకోటి వేరే ప్రోగ్రాం, అది కాదు. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇది కూడా వద్దు, కరెంటే ఇవ్వకుండా ల్యాబుకు పంపండి.

లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. కొత్త డిస్కు మీద పాతదాని సైజుకు తగ్గని పార్టిషన్ చేయండి. మే నెలలో కర్నూలు గదిలో మూత వేసిన క్యాబినెట్‌లో ఈ పని చేయొద్దు. డిస్కును బయట చెక్క మీద పెట్టి, టేబుల్ ఫ్యాను నేరుగా దానిమీదికి తిప్పండి. 194 వరుసలో ఉష్ణోగ్రత 45 దాటకుండా చూసుకోండి. యూపీఎస్ ఉండాలి.

మొదటి విడత ఎఫ్, ఎన్ ఆప్షన్లతో: మూలం పార్టిషన్, కొత్త పార్టిషన్, మ్యాప్ ఫైలు పేరు, ఈ వరుసలోనే. మూలం, గమ్యం తారుమారైతే అంతా పోతుంది. ఎంటర్ కొట్టే ముందు సీరియల్ నంబర్లు మరొకరితో చదివించి చూసుకోండి. మ్యాప్ ఫైలును మూడో చోట, పెన్‌డ్రైవ్ మీద పెట్టండి. కరెంటు పోయినా ఆగిన చోటునుంచి మొదలయ్యేది దానివల్లే. ఎన్ ఆప్షన్ ఉంటే చెడ్డ చోట్ల గీకకుండా మంచి భాగమంతా ముందు లాగేస్తుంది. సెకనుకు 120 ఎంబీ చొప్పున నాలుగున్నర గంటలు. రెండో విడత ఎఫ్, డీ, ఆర్3: మిగిలిన చోట్ల మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఇది గంటలు తీసుకోవచ్చు, వేగం కిలోబైట్లకు పడిపోవచ్చు.

ఇంకా కొన్ని సెక్టార్లు రాకపోతే, పొద్దున బయటికి పోయిన మొదటి డిస్కు ఉంది కదా, అది ఇప్పుడు అక్కరకొస్తుంది. రైడ్ 1లో రెండింటి మీదా ఒకే చోట ఒకే సమాచారం ఉంటుంది (రెండింటి డేటా ఆఫ్‌సెట్ ఒకటేనని ఎగ్జామిన్‌లో చూసుకోండి). మ్యాప్ ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకుని, మూలంగా మొదటి డిస్కు పార్టిషన్ ఇచ్చి, అదే మ్యాప్ ఫైలుతో ఆర్1 పెట్టి మళ్లీ నడపండి. మిగిలిన గుంటలు మాత్రమే దాన్నుంచి పూడుతాయి. పొద్దున నుంచి మధ్యాహ్నం మధ్య మారిన ఫైలు ఆ గుంటలో పడి ఉంటే పాత ముక్క వస్తుంది. అందుకే నకలు తీయమన్నది. మ్యాప్ ఫైలులో చోట్లు బైట్లలో, పదహారు మూల సంఖ్యలుగా ఉంటాయి. దాన్నుంచి డేటా ఆఫ్‌సెట్ బైట్లు తీసేసి 4096తో భాగిస్తే ఎక్స్‌ట్4 బ్లాకు నంబరు వస్తుంది. మధ్యలో ఎల్‌వీఎం (డిస్కు చోటును పంచే ఇంకో పొర) లేకపోతేనే ఈ లెక్క సరి. ఆ నంబరును డీబగ్‌ఎఫ్ఎస్‌లో ఐచెక్‌కు ఇస్తే ఐనోడ్ (ఫైలు అంతర్గత నంబరు), దాన్ని ఎన్‌చెక్‌కు ఇస్తే ఫైలు పేరు చెబుతుంది. ఆ ఫైళ్లు ఒక్కొక్కటి తెరిచి చూసుకోండి. లెక్కల ఆఫీసులో ఈ పని వదిలేయడానికి లేదు.

రైడ్ లేపే ముందు పాత డిస్కులు రెండూ పీకేయండి. కొత్త డిస్కు మీద సూపర్‌బ్లాక్ కూడా అచ్చంగా నకలే కాబట్టి, రెండూ ఉంటే లినక్స్ దేన్ని పట్టుకుంటుందో మన చేతిలో ఉండదు. కొత్తదాన్ని ఒక్కదాన్నే అసెంబుల్, రన్‌తో లేపి, ఫైళ్లు చూసుకున్నాక ఇంకో కొత్త డిస్కు యాడ్ చేయండి.

ప్రశ్న: ఆదోని జిన్నింగ్ మిల్లు సీసీ కెమెరాల సర్వర్. ఎండాకాలంలో నెలకొక డిస్కు రైడ్ నుంచి బయటికి పోతోంది. తీసి పరీక్షిస్తే బాగుందంటోంది. మళ్లీ కలుపుతున్నాం.

జవాబు: మామూలు డెస్క్‌టాప్ డిస్కులై ఉంటాయి. అలాంటి డిస్కు చదవలేని సెక్టారు దగ్గర ఒకటి రెండు నిమిషాలు కూడా పోరాడుతుంది. కెర్నెల్ 30 సెకన్లే ఓపిక పట్టి, లింకు రీసెట్ చేస్తుంది. ఆ తర్వాత రాయబోతే జవాబు రాక రైడ్ ఆ డిస్కును బయటికి తోసేస్తుంది. స్మార్ట్‌సీటీఎల్‌కు ఎల్ ఆప్షన్ పక్కన ఎస్‌సీటీఈఆర్‌సీ, 70, 70 అని కామాలతో ఇవ్వండి. అది సెకనులో పదో వంతుల లెక్క, అంటే 7 సెకన్లలో డిస్కు ఓటమి ఒప్పుకుంటుంది. అప్పుడు రైడ్ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్క లెక్కగట్టి అదే చోట తిరగరాస్తుంది. ఆ సౌకర్యం లేని డిస్కు అయితే సిస్ కింద దాని డివైస్ డైరెక్టరీలో టైమౌట్ ఫైలులో 30 బదులు 180 రాయండి. రెండూ మిషన్ ఆపితే పోతాయి, బూట్ స్క్రిప్టులో పెట్టండి. నెలకోసారి సింక్‌యాక్షన్ ఫైలులో చెక్ అని రాసి రైడ్ అంతా చదివించండి, చెడ్డ సెక్టార్లు ఒక్కొక్కటిగా అప్పుడే బాగుపడతాయి. పత్తి నూగు ఫ్యానుకు, ఫిల్టరుకు పట్టి డిస్కులు ఉడికిపోతున్నాయేమో వారానికోసారి చూడండి.

ప్రశ్న: ఎస్‌డీసీ పోయిందని మెసేజి వచ్చింది. క్యాబినెట్‌లో నాలుగు ఒకేలా ఉన్నాయి. ఏది పీకాలి? (కడప)

జవాబు: స్మార్ట్‌సీటీఎల్‌కు ఐ ఆప్షన్‌తో ఎస్‌డీసీ సీరియల్ నంబరు చూసి, డిస్కు లేబుల్‌తో పోల్చండి. పోయిన డిస్కు అసలు జవాబే ఇవ్వకపోతే మిగతా మూడింటి నంబర్లు చూడండి, మిగిలింది అదే. ఆపకుండా పీకొద్దు. మిషన్ ఆపి, తీసి, లేబుల్ చూసి, అప్పుడు కొత్తది పెట్టండి. తప్పు డిస్కు పీకితే రైడ్ 5 అక్కడికక్కడే పడిపోతుంది. ఈ పని అయ్యాక నాలుగు డిస్కుల అంచుకూ సీరియల్ చివరి నాలుగు అంకెలు మార్కరుతో పెద్దగా రాసి ఉంచండి. మెసేజి మీకు వచ్చింది గనుక మెయిల్ పనిచేస్తున్నట్టే. రాని వాళ్లు ఎండీఆడ్మ్ కాన్ఫ్ ఫైలులో మెయిల్‌ఏడీడీఆర్ (మెయిల్ చిరునామా) వరుస పెట్టి, మానిటర్, స్కాన్, టెస్ట్, వన్‌షాట్ ఆప్షన్లతో ఒకసారి నడిపి, ఉత్తరం ఫోనుకు చేరిందో లేదో చూసుకోండి.